పులి పాఠాంతరాలు

"ఎమ్మెస్సీ చదివించింది పులుల మలం ఏరుకోవడానికటరా తమ్ముడూ?" అని మా అక్కయ్య బాధ. సంబంధాలవాళ్ళు వచ్చి అమ్మాయి ఏం చేస్తున్నదని అడిగితే "బయాలజీలో పరిశోధన" అని ఊరుకుంటుంది. అంతకన్న వివరం చెబితే వాళ్ళు కాఫీ గ్లాసులు కింద పెట్టి లేచిపోతారని భయం.

ఆ అమ్మాయి మొన్న సంక్రాంతికి కంప్యూటరుతో సహా మా ఇంటికి దిగింది. వన్యమృగాల జన్యువులను చదవడంలో శిక్షణ పొందుతున్నదట. చదవడమన్న మాట వినగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. తెలుగు మేష్టరును గదా!

తెరనిండా ఏ, సీ, జీ, టీ – నాలుగే అక్షరాలు. పులి గ్రంథం మొత్తం సుమారు 240 కోట్ల అక్షరాలట. యంత్రం దాన్ని నూటయాభై అక్షరాల చొప్పున చిన్నచిన్న తునకలుగా చదివి పోగేస్తుంది. వాటిని ప్రామాణికమైన ప్రతి పక్కన పేర్చి, ఎక్కడ అక్షరం మారిందో పట్టుకోవాలి.

"ఇది మా తాటాకు ప్రతుల పరిష్కరణే గదటే!" అన్నాను.

"అంతే మామయ్యా. కాని మీ తప్పు పుస్తకంలో ఉండిపోతుంది, మాది అడవిదాకా వెళుతుంది" అన్నది.

ఒడిశాలోని సిమిలిపాల్ అడవిలో చారలు వెడల్పై, ఒకదానిలో ఒకటి కలిసిపోయి నల్లగా కనిపించే పులులున్నాయి. ఒక జన్యువులో ఒక్క 'సీ' అక్షరం 'టీ' కావడమే అందుకు కారణమని బెంగుళూరు పరిశోధకులు 2021లో తేల్చారు. ఆ మార్పు తల్లినుంచీ తండ్రినుంచీ కూడ వస్తేనే పిల్ల నల్లనవుతుంది. బయటి పులి రాక తెగిపోయిన అడవి. అక్కడన్నీ మేనరికాలే మరి! 2024లో మహారాష్ట్రలోని తాడోబానుంచి రెండు ఆడపులులను తెచ్చి అక్కడ వదిలారు. అక్షరాలు చదివినవాళ్ళ మాటకు అంత పని జరుగుతుందన్నమాట.

మా అమ్మాయికి కూడ ఒక నమూనాలో అటువంటి 'టీ' కనపడిందట. కొత్త పాఠం దొరికిందని రాత్రంతా నిద్రపోలేదట. తెల్లవారి వాళ్ళ గురువుగారు ఒకే ప్రశ్న వేశారు – "ఎన్ని తునకలు ఒప్పుకుంటున్నాయి?" రెండే. అవీ తునకల కొసల్లో. ఎండకూ వానకూ చివికిన నమూనాలో 'సీ' చెడిపోయినా 'టీ' లాగే చదవబడుతుందట. నిజమైన మార్పుకూ చివుకుకూ రూపం ఒకటే! నలుగురిలో తల వంచుకొన్నానని చెబుతూ ఇప్పటికీ కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది.

ఓదార్చబోయి నా సంగతి బయట పెట్టుకొన్నాను. నా ఎం.ఏ. వ్యాసానికి ఒక కావ్యం ప్రతులు చూశాను. మూడింటిలోనూ 'వామి' అని ఉన్నది. పట్నంలో పెరిగినవాణ్ణి, ఆ మాట ఎరగను. నిఘంటువు తిరగవేసే ఓపిక లేదు. లేఖకుడి పొరపాటని 'వావి'గా దిద్దాను. మార్కులు బాగానే పడ్డాయి. చాలా ఏళ్ళకు ఒక పల్లెలో రైతు, "ఎండగా ఉంది బాబూ, ఆ వామి చాటుకు రండి" అన్నాడు. చూస్తే గడ్డిమేటు!

"నేను ఇద్దరు సాక్షులను నమ్మాను, నువ్వు ముగ్గురిని కాదన్నావు" అని అమ్మాయి నవ్వింది. వెంటనే, "మరి దిద్దావా మామయ్యా?" అన్నది.

నేను మాట్లాడలేదు. వ్యాసం మా కళాశాల గ్రంథాలయంలో బీరువాలోనే ఉన్నది.

సెలవులు కాగానే ఒక సవరణ చీటీ రాసి తీసుకువెళ్ళాను. "ఇన్నేళ్ళకా మేష్టారూ!" అంటూనే గుమాస్తా జిగురు సీసా వెతికి ఇచ్చాడు.