నువ్వుగింజకంటె చిన్న దీపము

మన పాఠశాల హాలులో క్రిస్మసు దినములయందు బేత్లెహేము గ్రామపు నమూనా నమర్చుట చదువరు లెఱిగినదే. అట్టతోడను బంకమన్నుతోడను చేసిన యిండ్లు, నడుమ పశువులపాక, గుట్టమీద గొఱ్ఱెల కాపరులు. దీపములు మాత్రము మాకు ఎన్నడును సరిగా కుదిరియుండలేదు. బజారులో దొరకు సీరియలు బల్బు నొకదానిని అగ్గిపెట్టెయంత యింటిలో నుంచినయెడల అది కుమ్మరి ఆవమువలె కనబడునే గాని కాపురమున్న యిల్లువలె కనబడదు. క్రిందటి సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలురు కొందఱు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, ఈసారి కాపరి చేతిలో లాంతరు వెలగాలండీ" అనిరి. ఆ కాపరి నా బొటనవ్రేలంత వాడు. వాని లాంతరు కందిగింజంత. భౌతికశాస్త్రము బోధించువాడను గదా, "అదెంత పని!" అని మాట యిచ్చివేసితిని.

అంత చిన్న దీపములు లోకమున లేకపోలేదు. పాత బటనుల సెల్‌ఫోనులో అంకెల వెనుక వెలుగు ఎల్‌.ఇ.డి.లు అట్టివే. వీనికి తీగ కాళ్లుండవు. రెండు కొనలయందు లోహపు పూత మాత్రముండును. వీని పరిమాణమును నాలుగంకెలతో చెప్పుదురు. 0805 అనునది 2 మిల్లీమీటర్ల పొడవు, 1.25 మిల్లీమీటర్ల వెడల్పు గలది. 0603 పొడవు 1.6, వెడల్పు 0.8, 0402 పొడవు 1, వెడల్పు అర మిల్లీమీటరు. ఈ యంకెలు అంగుళమునందలి నూఱవ వంతులను సుమారుగా తెలుపును. అయితే దీపపు పట్టీలలో వచ్చు 5050 అను రకము 5 మిల్లీమీటర్ల చదరము. అక్కడి యంకెలు మిల్లీమీటరులో పదవ వంతులు. ఒక్క తీరు వ్రాతకు రెండు కొలతలు పెట్టిన పెద్దలు నా తరగతిలో నుండినయెడల మార్కులు తగ్గించి యుందును.

తెల్లని దీపమని మనము కొనునది నిజమునకు నీలి దీపము. పసుపు వెలుగునిచ్చు పొడిని దానిపై పూయుటచేత తెల్లగా తోచును. కంటికి కనబడు ఎఱ్ఱని ఎల్‌.ఇ.డి.ని నిక్ హోలోన్యాక్ 1962లో అమెరికాయందు చేసి చూపినను, ప్రకాశవంతమైన నీలి వెలుగునకు మఱి ముప్పది యేండ్లు పట్టెను. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా గారలకు 2014లో నోబెలు బహుమాన మీయబడెను.

దసరా సెలవులలో హైదరాబాదు వెళ్లి, కోఠీలోని గుజరాతీ గల్లీలో ఒక అంగడి యెదుట నిలిచితిని. "ఏ సైజు?" అని అంగడివాడడిగెను. "అన్నిటికంటె చిన్నవి" అంటిని. అతడు నా ముఖమువంక నొకసారి చూచి, జానెడు పట్టీ కత్తిరించి యిచ్చెను. అవి 0402. ఇంటికి వచ్చి బల్లమీద పై పొర నూడదీసితిని. తలపై పంకా తిరుగుచున్న సంగతి మఱచితిని. ఏడు దీపములు ఎగిరిపోయెను. వానిలో నొక్కటియు నేటికిని దొరకలేదు. పిదప 0603 రకము తెప్పించి, మూసిన గదిలో, తెల్లని పళ్లెములో పెట్టి విప్పితిమి. గోడ ప్లగ్గులో పెట్టు సీరియలు సెట్టును కోసి దీపములు తీయవలెనని ఒక బాలునకు తోచెను గాని వలదంటిని. అందు 230 వోల్టుల ప్రమాదము కలదు. మేము వాడినది ఫోను చార్జరునుండి వచ్చు 5 వోల్టులు మాత్రమే.

ఇక అతికించు పని. నాకు చత్వారము వచ్చినది. కళ్లజోడు పెట్టినను పట్టకారు కొనయందున్నది దీపమో ధూళియో తెలియదు. అందుచేత ఆ పనిని ఒక బాలునకు అప్పగించితిని. అతని తండ్రి బజారులో సెల్‌ఫోనులు బాగుచేయును. వాడు పింగాణి పలకమీద రెండువైపుల జిగురు గల టేపు నంటించి, దీపమును దానిపై బోర్లించి, కొంచెము ఫ్లక్సు రాచి, పాత రిలే చుట్టనుండి తీసిన వెండ్రుకవంటి రాగి తీగను క్షణకాలములో అతికించుచుండెను. తీగ కొననున్న వార్నిషును బ్లేడుతో ముందే గీకుకొనెడివాడు. అది చూచుటయే నాకొక వేడుక.

దీపమునకు రెసిస్టరు కావలెను. లెక్క నేనే కట్టితిని: 5 వోల్టులలో దీపము 3 తీసికొనగా మిగులునవి 2, నూఱు ఓములైనచో 20 మిల్లీ ఆంపియర్లు పాఱును. నల్లని చిన్న రెసిస్టరులపై "100" అని వ్రాసియుండగా చూచి, పొట్లము వానికిచ్చితిని. మొదటి దీపము కళ్లు చెదరునట్లు వెలిగి చచ్చెను. రెండవదియు నట్లే. వరుసగా ఆఱు పోయెను. బాలురందఱి యెదుటను, "ఇనుము నెక్కువసేపు ఆనించి మాడ్చితివి. తొందరపాటు!" అని వానిని గద్దించితిని. వాడు తలవంచుకొని నిలిచెను. తరువాత రెండు దినములు పనికి రాలేదు.

మూడవనాటి రాత్రి మీటరు పెట్టి ఆ రెసిస్టరును కొలువగా 10 అని చూపెను. మీటరు చెడినదని తలచి, మఱి నాలుగింటిని కొలిచితిని. అన్నియు పదియే. ఆ వ్రాతలో కడపటి యంకె సున్నలెన్ని చేర్చవలెనో తెలుపునట. 102 అనగా పదికి రెండు సున్నలు, వేయి. 101 అనగా నూఱు. 100 అనగా పదికి సున్నలేమియు లేవు, పదియే. నా లెక్క ప్రకారము నేనే ఆ దీపములకు పదిరెట్ల కరెంటు పోసితిని.

మఱునాడు వానిని పిలిచి, "నాయనా, ఈ అంకెల సంగతి నీకు తెలియునా?" అంటిని.

"తెలుసండీ. వంద అని ఉంటే పదేనండీ. మా నాన్న చెప్పాడు."

"మఱి నాతో చెప్పలేదేమి?"

"మీరిచ్చినవి కదండీ, మాస్టారూ."

ఆ మాటకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. పిల్లవాని జవాబులో తప్పు వెదకుటకు ముందు నీ ప్రశ్నను చూచుకొమ్మని శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. పరీక్షలో ఆ సంగతి వ్రాసి మంచి మార్కులే పొందితిని. నా తరగతులలో ఎందఱు తెలిసియు నూరకుండిరో! ఆ దినమున నల్లబల్లపై 100 అని వ్రాసి, తప్పెవరిదో తరగతికంతకును చెప్పి, వానిని క్షమింపుమని యడిగితిని. వెనుక బల్లనుండి ఎవరో నవ్విరి. నవ్వనిచ్చితిని.

నూఱు ఓములుకూడ మాకు పనికిరాలేదు. ఆ వెలుగు ఇండ్లకు మిక్కిలి ఎక్కువ. 102 పెట్టగా, రెండు మిల్లీ ఆంపియర్లతోనే కిటికీలు చక్కగా వెలిగెను. కాపరి లాంతరుమీద వాడు నారింజ రంగు ఒక చుక్క వేసెను. క్రిస్మసు సాయంకాలము ఒక ముసలమ్మ వంగి చూచి, "అంత దీపంలో నూనెలా పోశారయ్యా?" అని యడిగెను.

ఈ సంవత్సరము సత్రపుటిల్లు కట్టుచున్నాము. కొత్త పొట్లము విప్పగానే ముందుగా వానికే చూపుచున్నాను. మొన్న ఒకదానిని వెలుతురునకు పట్టి, "నాలుగు, ఏడు, ఒకటి" అని చదివి, నా వైపు తిరిగి, "ఎంతో మీరు చెప్పండి, మాస్టారూ" అనెను.

"నాలుగువందల డెబ్బది" అంటిని.