నలుగురు స్నేహితుల ఊరు

పిల్లలూ! ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కథను మీలో కొందరు సినిమాగా చూసే ఉంటారు. అందులో హాబిట్లు అనే పొట్టి మనుషులు ఉంటారు. వేళకు భోజనం, ఇంటి ముందు చిన్న తోట ఉంటే చాలు, వారికి ఇంకేమీ అక్కరలేదు. అటువంటి వారిలో ఫ్రోడో అనేవాడికి ఒక పాపిష్టి ఉంగరాన్ని నిప్పుల కొండలో పారవేసే పని నెత్తిన పడుతుంది. తోటమాలి సామ్‌ను మాత్రం వెంటబెట్టుకొని, మిగతా స్నేహితులకు చెప్పకుండా వెళ్ళిపోదామని అతడు అనుకుంటాడు. కాని మెర్రీ, పిప్పిన్ అనే ఇద్దరూ ఆ సంగతి ముందే పసిగట్టి, మూటాముల్లే సర్దుకొని ప్రయాణానికి సిద్ధంగా ఉంటారు!

వాళ్ళకు రాజ్యం వస్తుందా? రాదు. బంగారం దొరుకుతుందా? దొరకదు. మరి ప్రాణాలకు తెగించి ఎందుకు వెళ్ళినట్టు?

ఈ ప్రశ్న నా మనసులో చాలాకాలం మెదిలింది. జవాబు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో దొరికింది. మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేను ఆ ఊరు వెళ్ళాను. రండి, మీరూ నా వెంట నడవండి.

మొదట సేర్‌హోల్ చూద్దాం. ఇప్పుడిది నగరంలో కలిసిపోయింది గాని, ఒకప్పుడు చిన్న పల్లె. ఇక్కడ కోల్ అనే చిన్న నది పక్కన నీటితో తిరిగే పిండిమర ఉంది. ఎర్ర ఇటుకల గోడలు, ఎత్తయిన పొగగొట్టం, వెనక చెరువు. ఇప్పుడు దీనిని మ్యూజియంగా కాపాడుతున్నారు.

ఈ కథ రాసిన టోల్కీన్ 1892లో దక్షిణాఫ్రికాలో పుట్టాడు. నాలుగేళ్ళ వయసులో తండ్రి పోయాడు. తల్లి మేబెల్ ఇద్దరు కొడుకులతో 1896లో ఈ పల్లెలో కాపురం పెట్టింది. అన్నదమ్ములిద్దరూ ఈ మర దగ్గర చేరి, చక్రం తిరగడం చూస్తూ నిలబడేవారు. మరవాడి కొడుకు ఒంటినిండా పిండితో బయటికి వచ్చి గుడ్లురిమేవాడు. పిల్లలు అతనికి ‘తెల్ల రాక్షసుడు’ అని పేరు పెట్టి పరుగు లంకించుకునేవారు. ఆ పల్లే తరవాత కథలో హాబిట్ల సీమ అయింది. కథలోనూ ఒక మర ఉంది. పెంకె మరవాడి కొడుకూ ఉన్నాడు!

ఇక బడికి వెళదాం. 1900లో టోల్కీన్ నగరం మధ్యనున్న కింగ్ ఎడ్వర్డ్ స్కూల్లో చేరాడు. ఇంటికీ బడికీ 4 మైళ్ళు. రైలు టిక్కెట్టుకు తల్లి దగ్గర డబ్బు లేదు. అందుచేత మొదటి రోజుల్లో ఆ పిల్లవాడు చాలా దూరం నడిచే వెళ్ళేవాడు. తరవాత వాళ్ళు నగరానికి దగ్గరగా ఇల్లు మార్చారు. 1904లో తల్లి మధుమేహంతో చనిపోయింది. అప్పటికి ఇన్సులిన్ మందు ఇంకా కనిపెట్టలేదు. పన్నెండేళ్ళకే అతడు తల్లీ తండ్రీ లేనివాడైనాడు.

అటువంటి పిల్లవాడికి బడే ఇల్లయింది. ఒక మాస్టారు ప్రాచీన ఇంగ్లీషు నేర్పే పుస్తకం ఇచ్చి, ఆ భాష మీద ఆసక్తి కలిగించారు. బడిలో లాటిను భాషలో వాదోపవాదాలు జరిగేవి. మనవాడు ఒకసారి గ్రీకు రాయబారి వేషం కట్టి, మొత్తం గ్రీకులోనే మాట్లాడాడు! హాబిట్ల లోకంలో వినిపించే వింత భాషలకు విత్తనాలు ఇక్కడే పడ్డాయి.

1911లో అతడూ, అతని స్నేహితులూ బడి లైబ్రరీలో దొంగతనంగా టీ కాచుకొని, పుస్తకాల గురించీ కవిత్వం గురించీ గంటల తరబడి మాట్లాడుకునేవారు. సెలవుల్లో బారోస్ అనే దుకాణంలోని టీ గదిలో కలుసుకునేవారు. తమ జట్టుకు ‘టీ క్లబ్, బారోవియన్ సొసైటీ’ అని గొప్ప పేరు పెట్టుకున్నారు. అందులో చివరిదాకా విడవకుండా నిలిచినవారు నలుగురు: టోల్కీన్, వైజ్‌మన్, గిల్సన్, స్మిత్. గిల్సన్ ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆ బడి హెడ్మాస్టరు గారి కొడుకు!

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. నలుగురూ వెళ్ళారు. 1916 జూలై 1న, ఫ్రాన్సులో సోమ్ యుద్ధం మొదలైన రోజునే, గిల్సన్ చనిపోయాడు. డిసెంబరులో స్మిత్ గాయాలతో కన్నుమూశాడు. స్మిత్ అంతకుముందు టోల్కీన్‌కు ఒక ఉత్తరం రాశాడు. తాను తిరిగి రాకపోతే, మనం చెప్పాలనుకున్న మాటలు నువ్వు చెప్పాలి అని దాని సారాంశం. టోల్కీన్‌కు కందకాల జ్వరం రాగా ఇంగ్లండుకు పంపించారు. అలా బతికి, 1918లో స్మిత్ కవితలను పుస్తకంగా తెచ్చాడు. తన పెద్ద కథను 1954, 1955 సంవత్సరాలలో ప్రచురించాడు.

తన కథ ఫలానా యుద్ధానికి మారు రూపం అంటే టోల్కీన్ ఒప్పుకొనేవాడు కాదు. ఆ మాటను మనమూ గౌరవించాలి. అయినా రచయిత అనుభవం అతని కథకు తగలకుండా ఉండదని కూడా ఆయనే అన్నాడు. ఇప్పుడు మన ప్రశ్నకు తిరిగి వద్దాం. మెర్రీ, పిప్పిన్ ఎందుకు వెళ్ళారు? లోకాన్ని రక్షించాలని కాదు. స్నేహితుణ్ణి ఒంటరిగా పంపలేక. ఇక నడవలేక పడిపోయిన ఫ్రోడోను సామ్ వీపున వేసుకొని కొండ ఎక్కాడే, అది కీర్తి కోసమా? ఇటువంటి కారణాలు గ్రంథాలు చూసి నేర్చుకొనేవి కావు. ఒకే బల్ల మీద కూర్చొని, ఒకే తినుబండారం పంచుకొన్నవారికే తెలుస్తాయి.

ఆ పాత బడి కట్టడాన్ని 1936లో కూలగొట్టారు. బడి ఎడ్జ్‌బాస్టన్‌కు తరలిపోయింది. పాత కట్టడంలోని ఒక వరండాను మాత్రం జాగ్రత్తగా విప్పి తెచ్చి, కొత్తచోట ప్రార్థనామందిరంగా కట్టుకున్నారు. నలుగురిలో మిగిలిన వైజ్‌మన్ తరవాత తానే ఒక బడికి హెడ్మాస్టరు అయ్యాడు. టోల్కీన్ తన మూడో కొడుక్కు క్రిస్టఫర్ అని అతని పేరే పెట్టుకున్నాడు.

ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం నలుగురు కుర్రాళ్ళు లైబ్రరీ మూల చేరి, వేరుశనక్కాయలు తింటూ ఏదో కథ చదువుకొంటున్నారు. నేల మీద పొట్టు చూసి నాకు కోపం వచ్చింది. నలుగురినీ నాలుగు గదుల్లో కూర్చోబెట్టాను. ఆ తరవాత వాళ్ళు లైబ్రరీలో మళ్ళీ కలిసి కూర్చోగా నేను చూడలేదు. వాళ్ళు ఏ కథ చదువుతున్నారో కూడా అడగలేదు.

ఈ రోజయితే పొట్టు ఊడ్చి వెళ్ళమని చెప్పి, నేనూ వాళ్ళ పక్కనే కూర్చొని, ఆ కథ ఏమిటో అడిగేవాణ్ణి.