కత్తుల ఊరు ఒసాఫునే

పిల్లలూ, మీ వీధిలోకి కత్తులు సానపట్టే మనిషి వస్తే మీరంతా చుట్టూ మూగుతారు కదా! చక్రం గిర్రున తిరుగుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, రెండు నిమిషాల్లో కూరల కత్తి తళతళలాడుతుంది. ఇప్పుడు మనం వెళ్ళబోయే ఊళ్ళో కూడా సానపట్టేవారున్నారు. కాని వారికి ఒక్క కత్తికే రెండు మూడు వారాలు పడుతుంది. నిప్పురవ్వ ఒక్కటి కూడా లేవదు. లేచిందంటే ఉక్కు వేడెక్కినట్టే, ఆ కత్తి పాడైనట్టే!

ఆ ఊరు జపాను దేశంలోని ఒసాఫునే. ఒకాయామా పట్నంలో చిన్న రైలు ఎక్కితే సుమారు అరగంటకు అక్కడ దిగవచ్చు. ప్రక్కనే యోషీ నది. చూడటానికి మామూలు ఊరే. కాని ఏడెనిమిది వందల యేళ్ళ క్రిందట ఈ ప్రాంతాన్ని బిజెన్ అనేవారు. ఇక్కడి కమ్మరుల కత్తులకోసం దేశంలోని వీరులందరూ ఆశపడేవారు. 16వ శతాబ్దం చివర నది పొంగి, కమ్మరుల వాడలను ముంచివేసింది. అయినా ఆ విద్య చావలేదు. ఇప్పుడక్కడ కత్తుల ప్రదర్శనశాల ఉన్నది. కత్తిని కాల్చి కొట్టేవారు, ఒర చేసేవారు, పిడికి దారం చుట్టేవారు అక్కడే పని చేస్తూ కనిపిస్తారు.

అద్దాల పెట్టెలో కత్తి ఒంటరిగా పడుకుని ఉంటుంది. పిడీ ఉండదు, ఒరా ఉండదు. నిలబడి చూస్తే మీకేమీ తోచదు. కాస్త మోకాళ్ళు వంచండి. పైనున్న దీపం వెలుగు కత్తిమీద పడి మీ కంట్లో మెరిసేదాకా తల అటూ ఇటూ కదపండి. అదుగో! వాదర పొడుగునా తెల్లని మబ్బు తునకలు బారులు తీరినట్టు కనిపించడం లేదూ? దాన్ని జపానువారు హమోన్ అంటారు. అది ఎవరో గీసిన బొమ్మ కాదు.

నదుల్లోనూ కొండల్లోనూ దొరికే ఇనుప ఇసుకను బొగ్గులతో కరగబెట్టి వారు ఉక్కు తీస్తారు. దాన్ని కాల్చి, కొట్టి, మడిచి, మళ్ళీ కొడతారు. పదిహేనుసార్లు మడిస్తే ఎన్ని పొరలవుతాయో పలకమీద లెక్కవేసి చూడండి. 32,768! ఈ గట్టి ఉక్కును పైతోలుగా పెట్టి, లోపల మెత్తని ఇనుము ఉంచుతారు. తరువాత కత్తికి మట్టి పూస్తారు. వెన్నుమీద మందంగా, వాదరమీద పల్చగా. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచగానే, పల్చని మట్టి ఉన్న వాదర చప్పున చల్లారి గట్టిపడుతుంది. వెన్ను నిదానంగా చల్లారి, దెబ్బకు విరగకుండా ఉంటుంది. గట్టి ఉక్కూ మెత్తని ఉక్కూ కలిసేచోటే ఆ మబ్బులు పుడతాయి. కత్తికి అందమైన వంపు వచ్చేది కూడా ఈ క్షణంలోనే.

ఒక కత్తిని చూసి, ఇది ఎవరు చేశారో చెప్పడం పెద్ద విద్య. పూర్వం హొనామి వంశంవారు షోగన్ల కత్తులకు సానపట్టి, విలువ కట్టేవారు. మంచి కత్తికి మడతపెట్టిన యోగ్యతాపత్రం వ్రాసి ఇచ్చేవారు. దాని పేరేమిటనుకున్నారు? ఓరిగామి! మీరు కాగితంతో కొంగలు చేసే ఆటకూ అదే పేరు. ఈనాటికీ కత్తుల ప్రేమికులు కూడినప్పుడు ఒక పందెం ఉంటుంది. కమ్మరి పేరున్న భాగాన్ని కప్పేసి కత్తిని చేతికిస్తారు. వంపూ, ఉక్కులోని పొరలూ, హమోన్ చూసి పేరు చెప్పాలి.

పేరుండేది పిడిలోపలికి పోయే కాడమీద. దాన్ని ఎవరూ సానపట్టరు. దానికి పట్టిన నల్లని తుప్పే కత్తి వయస్సుకు సాక్ష్యం. తాతగారి పెట్టెలో కత్తి దొరికితే కొందరు ముచ్చటపడి ఆ తుప్పునంతా గరుకు కాగితంతో రుద్ది పారేస్తారు. ఒక్క పూటలో ఆరువందల యేళ్ళ చరిత్ర పోతుంది! పేరుంటే చాలదు కూడానూ. గొప్పవారి పేర్లు దొంగతనంగా చెక్కిన కత్తులు బోలెడున్నాయి. అందుకే తెలిసినవారు ముందు ఉక్కును చూసి, ఆ తరువాతే పేరు చదువుతారు.

ఇక సానపట్టేవారి గదికి వద్దాం. చిన్న పీటమీద కూర్చుని, ఎదుట రాయి కదలకుండా కాలితో అదిమిపెట్టి, ప్రక్కన నీళ్ళ తొట్టి పెట్టుకుంటారు. ముందు గరుకు రాయి, తరువాత ఒకదానికంటె ఒకటి నున్నని రాళ్ళు. చివరి రాళ్ళు క్యోటో దగ్గర కొండల్లోవి. వాటిని కాగితమంత పల్చగా అరగదీసి, బొటనవ్రేలి క్రింద పెట్టి రుద్దుతారు. ఒక్కొక్క రాయి వెనకటి రాయి గీతలను చెరిపివేయాలి. ఒక్క గీత మిగిలినా మళ్ళీ వెనక్కు పోవలసిందే.

ఇంత చక్కని పనిని ఏటేటా ఎందుకు చేయరంటారా? సానపట్టిన ప్రతిసారీ కత్తి కొంచెం అరుగుతుంది. పైతోలు అరిగితే లోపలి మెత్తని ఇనుము బయటపడుతుంది. అలాంటిదాన్ని ‘అలసిపోయిన కత్తి’ అంటారు. దానికి ఇక మందు లేదు. కనుక మంచి పనివాడు తుప్పు పోయేటంత మాత్రమే రుద్ది ఆపుతాడు. చిన్న మచ్చ మిగిలినా మిగలనిస్తాడు. నన్నడిగితే, రుద్దడంకంటె ఆ ఆపడమే కష్టం.

అదృష్టముంటే ఇక్కడే ‘యమతొరిగే’ అనే కత్తిని చూడవచ్చు. ఎప్పుడూ బయట పెట్టరు. అది 13వ శతాబ్దంలో ఈ ప్రాంతపు కమ్మరులు చేసినదే. తరువాత ఉఎసుగి ప్రభువుల వంశంలో ఉండిపోయింది. దాని హమోన్ కొండకోడి ఈకల్లా ఉంటుందని కొందరూ, కొండమీద కారుచిచ్చులా ఉంటుందని కొందరూ అంటారు. 2020 లో ఈ ఊరి పురపాలక సంఘంవారు దేశం నలుమూలలనుంచీ చందాలు పోగుచేసి, సుమారు 50 కోట్ల యెన్లకు దాన్ని కొని ఇంటికి తెచ్చుకున్నారు.

కమ్మరి తన పేరు కాడమీద చెక్కుతాడు. మరి సానపట్టినవాడి గుర్తు? పని ముగిశాక అతడు ఉక్కు కడ్డీతో పిడి దగ్గర కొన్ని సన్నని మెరుపు గీతలు గీస్తాడు. వాటిమీదికి లోహపు పట్టీ ఎక్కుతుంది కాబట్టి పైకి కనబడవు. ఏ నూరేళ్ళకో మరొకడు ఆ కత్తికి సానపట్టినప్పుడు అవి చెరిగిపోతాయి. వాటిచోట అతడు తన గీతలు గీస్తాడు.