త్రాటి ముడులు

మా పాఠశాలలో స్కౌటు దళమును నడుపు భారము మాపై బడి పదునాలుగేండ్లయినది. ఏటేట జూను మాసమున క్రొత్త బాలురు చేరగానే వారి చేతికొక మూర త్రాడిచ్చి మొట్టమొదట నేర్పునది రీఫ్ ముడి. కుడికొస ఎడమకొసపై, పిదప ఎడమకొస కుడికొసపై. ఈ మాటలను ఎక్కమువలె వల్లింపజేసి, ముడి చదునుగా వచ్చినదా లేదా యని చూచి, వచ్చినచో మార్కు వేయుట మా వాడుక. క్రమము తప్పి రెండుమారులును ఒకే చేతికొసను పైకి తెచ్చినవాని ముడి అడ్డముగా వంకర తిరుగును. వానికి మార్కు లేదు. ఇది దేనికి పనికివచ్చునని ఎవరైన అడిగినచో, "రెండు త్రాళ్లను కలుపుటకు" అని చెప్పుచుంటిమి. శిక్షణ కళాశాలలో చదువుకొన్న దినములలో మా నోటుపుస్తకమున మేమే అట్లు వ్రాసికొంటిమి. వ్రాసికొన్నదానిని మరల పరీక్షింపవలెనను తలంపు మాకు కలుగలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట సంక్రాంతి సెలవుల పిమ్మట ఇరువదిద్దరు బాలురను వెంటబెట్టుకొని ఊరికి రెండు మైళ్ల దూరముననున్న గుట్టకు పోయితిమి. గుట్ట వెనుకప్రక్క ముప్పది అడుగుల ఏటవాలు బండ యొకటి కలదు. నిట్టనిలువు కాదు గాని, పట్టు లేక దిగుట కష్టము. త్రాడు పట్టుకొని ఒక్కొక్కరినే దింపవలెనని మా యూహ. మావద్ద బొటనవ్రేలి లావున పాత చేంతాడొకటి, అంగడిలో క్రొత్తగా కొన్న నైలాను త్రాడొకటి యుండెను. ఏదియు ఒంటిగా చాలదు. కాబట్టి రెంటిని రీఫ్ ముడితో కలిపి, గట్టిగా బిగించి, బాలురందరు చూచునట్లు ఎత్తి చూపితిమి.

అప్పుడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు ముందునకు వచ్చి ఆ ముడిని వ్రేళ్లతో నలిపి చూచెను. వాని తండ్రి తాటిచెట్లు గీయువాడు. "అయ్యగారూ, ఇది నిలవదండి. మా నాయన ఇట్టా ముడెయ్యడండి" అనెను.

మాకు కోపము వచ్చెను. దాచుకొననేల? పదిమంది యెదుట శిష్యుడు మాట తప్పుబట్టుట ఏ ఉపాధ్యాయునకును రుచింపదు. "పరీక్షలో మార్కులు తెచ్చుకొన్న ముడి యిదియే గదా! పోయి వరుసలో నిలువుము" అంటిమి. వాడు పోయి నిలిచెను గాని తల యెత్తి ఆ ముడివంకనే చూచుచుండెను. ఆ చూపు మమ్మును విడువలేదు. వాని నోరు మూయింపవలెనను పంతముతోనే, బాలురకు ముందుగా మధ్యాహ్న భోజనమునకు దెచ్చిన బియ్యపు సంచిని, అల్యూమినియపు గిన్నెను కలిపి కట్టి దింపితిమి. సంచి సగము దూరము పోయి బండయంచున తట్టుకొనెను. త్రాడు వదులయ్యెను. మేము విదల్చితిమి. సంచి జారి బరువు ఒక్కసారిగా పడగానే ముడి తిరుగబడి, నైలాను త్రాడు చేంతాటినుండి పామువలె జారిపోయెను. బియ్యము బండపై చెదరిపోయెను. గిన్నె దొరలుచు పోవుచున్న చప్పుడు చాలసేపు వినబడెను.

ఎవరును మాటలాడలేదు. మొట్టమొదట దిగుటకై మేము నిలిపియుంచిన ఆరవ తరగతి పిల్లవాడు మాత్రము, "నేనెప్పుడు దిగాలండీ?" అని అడిగెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మఱునాడు త్రాడు తీసికొని, ఆ ముడి యేల జారినదో మాకు తెలియువరకు వేసి విప్పుచుంటిమి. రీఫ్ ముడి యనగా ఒకదానిలో నొకటి చిక్కుకొన్న రెండు మెలికలు. రెండు త్రాళ్లును ఒకే లావు, ఒకే గరుకుతనము గలవైనప్పుడు, ముడి వెనుక ఆనుటకు చదునైన తావున్నప్పుడు అవి యొకదానినొకటి పట్టుకొనును. ఒక కొసను దాని మొదలుతో చక్కగా నిగిడించి లాగినచో ఆ త్రాడు తిన్ననగును. రెండవది దానిచుట్టు ఉత్త ఉచ్చుగా మిగిలి జారిపోవును. కట్టు విప్పుటకు ఇంత సులభమైన మార్గము లేదు. గాయమునకు పట్టీ కట్టుటకు ఈ ముడి శ్రేష్ఠమగుటకు అదియే కారణము: చదునుగా నుండును, రోగికి గ్రుచ్చుకొనదు, ఇట్టే యూడును. ఇట్టే యూడు ముడిపై మేము పిల్లవానిని వ్రేలాడదీయబూనితిమి! అమెరికా దేశీయుడు క్లిఫర్డ్ ఆష్లే 1944లో ప్రకటించిన ముడుల మహాగ్రంథమున, త్రాళ్లను కలుపుటకు దీనిని వాడుటవలన కలిగిన ప్రాణహాని తక్కిన ముడులన్నిటివలన కలిగినదానికంటె ఎక్కువ కావచ్చునని హెచ్చరించియున్నాడు. ఆ మాట మేము తరువాత చదివితిమి. గీతవాని కొడుకు ముందే చెప్పెను.

వాడు ఆ దినమున గుట్టపైననే లావు చేంతాటిని మడిచి చేతబట్టి, సన్నని నైలానును ఆ మడతలోనుండి పైకి తెచ్చి, వెనుకగా రెండు చుట్లు త్రిప్పి, దాని క్రిందనే దూర్చి బిగించెను. దీనిని ఇంగ్లీషువారు షీట్ బెండ్ అందురు. చుట్టు రెండైనచో డబుల్ షీట్ బెండ్. లావుపాటి త్రాటిని సన్నదానితో కలుపుటకు తగినది. మగ్గముపై తెగిన పోగును అతుకుటకు నేతవారు వేయు ముడియు నిర్మాణమున ఇదియే. అయినను మనుష్యుని బరువు మోయుటకు కొండలెక్కువారు దీనినిగూడ నమ్మరు. త్రాళ్లు రెండును ఇంచుమించు ఒకే లావుగలవై యుండవలెననియు, జోడు ఫిషర్‌మన్ ముడి వేయవలెననియు వారి నియమము. అది బరువు పడిన పిమ్మట విప్పుట మహాకష్టము.

మఱుసటి ఆదివారము ఆ బాలుని తండ్రిని చూడబోయితిమి. ఆయన చెట్టెక్కకమునుపు మోకును మానుచుట్టును నడుముచుట్టును వేసికొని, నేలపై నిలిచియే వెనుకకు వ్రాలి తన బరువంతయు దానిపై మోపి చూచెను. అనుదినమును ఇట్లే చేయుదురా యని అడిగితిమి. "చెట్టెక్కినాక చూసుకోడానికి చేతులెక్కడ ఖాళీగా ఉంటాయండి అయ్యగారూ?" అని ఆయన నవ్వెను. ఇట్టివారు చెట్లపైనుండి పడి చచ్చుటయు, అవిటివారగుటయు నెఱిగినదే. 2024లో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య పేరిట గీత కార్మికులకు రక్షణ సామగ్రి పంచుట కారంభించినదని పత్రికలలో చదివి సంతసించితిమి.

అటుపిమ్మట మేము భువనగిరికి పోయి అక్కడి ఏకశిలపై ఎక్కుట నేర్పు విధమును చూచితిమి. 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట అభ్యసించినది ఈ బండమీదనే. పూర్ణకప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఎక్కువాడు నడుమునకు పట్టా ధరించి, త్రాటిని దానికి ఎనిమిదంకె ముడితో కట్టుకొనును. మన తెలుగు అంకె కాదు సుమా, ఇంగ్లీషు 8. కొసకు రెండు మూడడుగుల యెడమున 8 ఆకారముగా వదులుముడి వేసి, కొసను పట్టాలోనుండి తీసి, అదే దారిని ప్రక్కప్రక్కన మరల నడిపింపవలెను. సరిగా వేసినచో ఐదుచోట్ల త్రాళ్లు జతజతలుగా కనబడును. కొస జానెడైన మిగులవలెను. ముడి వేసిన తావున త్రాటి బలము తగ్గక మానదు. ఈ ముడి సుమారు నాలుగింట మూడు వంతులు నిలుపును. ఇంతకంటె ముఖ్యమేమనగా, తప్పు వేసినచో ప్రక్కవాని కంటికి వెంటనే తెలియును. బోలైన్ అను ముడియు మంచిదే, బరువు పడినను సులభముగా విప్పవచ్చును. అయితే బరువు లేనప్పుడు కదలికకు తానే వదులగును. తప్పు వేసినను ఒప్పువలె కనబడును.

చెట్టునకు త్రాడు కట్టుటకు మాత్రము రెండు చుట్లు చుట్టి రెండు సగముడులు వేసిన చాలును. బరువును చుట్లే మోయును. క్లోవ్ హిచ్ గుంజకు త్వరగా కట్టవచ్చును గాని గుంజ తిరిగినచో అదియు జారును.

నిపుణులకు ఇవన్నియు వెన్నతో పెట్టిన విద్య గదా యని మేమనుకొంటిమి. లిన్ హిల్ అను అమెరికా వనిత ఆ కాలమున లోకప్రసిద్ధి గాంచిన శిలారోహకురాలు. 1989లో ఫ్రాన్సు దేశమున బ్యూ అనుచోట, ముడి వేయుట మొదలుపెట్టి నడుమ మఱియొక పనిలో పడి ముగింపు మఱచి, అట్లే పైకెక్కెను. దిగుటకై త్రాటిపై వ్రాలగానే అది యూడిపోయి చాల యెత్తునుండి పడెను. చెట్టుకొమ్మలు అడ్డుపడుటచే బ్రతికెను. నాలుగేండ్లకు ఎల్ కాపిటాన్ శిలపై నోస్ అను మార్గమును, త్రాటి ఊతగొనక కాలుసేతుల పట్టుతోనే మొదటిసారిగా ఎక్కినది ఆమెయే.

ఇప్పుడు జూను మాసమున మేము పట్టీ గుడ్డలతో రీఫ్ ముడి నేర్పుదుము, త్రాడుతో కాదు. నోటుపుస్తకములోని ఆ పంక్తిని కొట్టివేసితిమి. గీతవాని కొడుకు చదువు ముగించి పట్టణమున పనిచేయుచున్నాడు. మొన్న జనవరిలో సెలవు పెట్టుకొని మాతో గుట్టకు వచ్చెను. ముడులు చూచు పని వానికే అప్పగించితిమి. మేము వేసిన ముడిని వాడు రెండుసార్లు విప్పించెను.