మా దగ్గర బాగానే పనిచేస్తోందండీ

సాఫ్టువేరు ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ వింటున్న మాటల్లో నాకు ఒళ్ళు మండించేది ఒకటుంది. వాడుకునేవాడు "ఇది ఉన్నట్టుండి ఆగిపోతోంది మహాప్రభో" అని మొత్తుకుంటాడు. మనవాడు ఒకసారి నడిపి చూసి, "నా దగ్గర బాగానే పనిచేస్తోంది" అని ఒక ముక్క రాసి బగ్గు మూసేస్తాడు. వెబ్ పేజీ అయితే పోన్లే అనుకోవచ్చు, ఇంకోసారి రిఫ్రెష్ కొట్టుకుంటాడు. అదే మాట ఫ్లైఓవరు మధ్యలో ఆగిపోయిన కారు గురించి అంటే ఏమనాలి?

ఎందుకంటున్నానంటే, కిందటి చలికాలం మా అమ్మని అమెరికా విమానం ఎక్కించాల్సి వచ్చింది. అక్కడ మా చెల్లికి పురుడు. రెండు పెద్ద పెట్టెలు, వాటిల్లో ఆవకాయ, కారప్పొడి, పసిబిడ్డకి పాత చీరలతో కుట్టిన బొంతలు. తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాం. ఎలక్ట్రిక్ క్యాబు. చప్పుడు లేదు, ఏసీ చల్లగా ఉంది, అమ్మ అప్పుడే కునుకు తీస్తోంది.

అత్తాపూర్ దాటాక డాష్‌బోర్డు మీద ఒక ఎర్ర దీపం వెలిగింది. దాని కింద, సర్వీసు సెంటరుని సంప్రదించమని ఇంగ్లీషులో ఒక వాక్యం. తెల్లవారుజామున ఏ సర్వీసు సెంటరు తెరిచి ఉంటుందో ఆ వాక్యం రాసినవాడికే తెలియాలి. అర నిమిషంలో కారు నెమ్మదించడం మొదలెట్టింది. డ్రైవరు తొక్కుతున్నాడు, అది వినడం లేదు. కుదుపు లేదు, పొగ లేదు. మెల్లగా పిట్టగోడ పక్కన ఆగిపోయింది.

"ఏం కాలే సార్, బంద్ చేసి మళ్ల చాలూ చేస్త" అన్నాడు. చేశాడు. కాలేదు. హజార్డ్ లైట్లు కూడా కాసేపటికి నీరసపడ్డాయి. కింద రోడ్డు మీదైతే పిల్లర్ నంబరు చెప్పి ఎవర్నైనా పిలవొచ్చు. పైన ఏ నంబరు చెబుతాం? నేను ఫోన్ టార్చి వెలిగించి వెనక నుంచి వచ్చే బళ్ళకి ఊపుతూ నిలబడ్డాను. ఒక కారు హారన్ కొట్టుకుంటూ జానెడు దూరంలో దూసుకుపోయింది. అమ్మ పిట్టగోడకి ఆనుకుని, "ముందా పిల్లాడిని కారు దగ్గర్నించి ఇవతలకి రమ్మనరా" అని అరుస్తోంది.

ఖాళీగా వెళ్తున్న ఇంకో క్యాబు అతను ఆపి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. విమానం అందింది, మేనకోడలు పుట్టింది, మా కథ సుఖాంతం.

ఆ కుర్రాడి కథ వేరే. పది రోజుల తర్వాత ఫోన్ చేస్తే చెప్పాడు. కారు అతనిది కాదు, రోజు అద్దెకి నడుపుతాడు. కదిలినా కదలకపోయినా అద్దె కట్టాల్సిందే. టోయింగ్ ఖర్చు, మూడు రోజుల సంపాదన అతని నెత్తినే పడ్డాయి. జాబ్ కార్డు మీద సర్వీసువాళ్ళు రాసింది మూడు ముక్కలు: స్కాన్ చేశాం, లోపం కనబడలేదు, సాఫ్టువేరు అప్‌డేట్ చేశాం. "మళ్ల ఆగితే ఏం జేయాల్నో ఎవ్వరు చెప్తలేరు సార్" అన్నాడు. ఇది మన "నా దగ్గర బాగానే పనిచేస్తోంది" కాక మరేమిటి?

సరే, అసలు ఇవి ఎందుకు ఆగుతాయి? ఆగిన ప్రతి దానికీ మనం "మోటారు పోయింది" అనేస్తాం గానీ, మోటారు గట్టిదే. అందులో తిరిగే భాగం ప్రధానంగా ఒక్కటే. చిక్కంతా చాలాసార్లు దాని చుట్టూ ఉన్నవాటితోనే. పెద్ద బ్యాటరీలో వందల వోల్టులుంటాయి. దానికీ మోటారుని నడిపే ఇన్వర్టరుకీ మధ్య కాంటాక్టర్లని పెద్ద రిలేల్లాంటి స్విచ్చులుంటాయి. వాటిని మూసి పట్టుకునేది మాత్రం మామూలు 12 వోల్టుల కరెంటు. పెట్రోలు కారులో ఆ చిన్న బ్యాటరీని ఆల్టర్నేటరు చార్జి చేస్తుంది. ఇక్కడ ఆ పని డీసీ-డీసీ కన్వర్టరుది. అది పోతే లైట్లు, స్టీరింగు, కంప్యూటర్లు అన్నీ కలిసి చిన్న బ్యాటరీని తాగేస్తాయి. చివరికి కాంటాక్టర్లు తెరుచుకుంటాయి. పెద్ద బ్యాటరీలో ఎనభై శాతం చార్జి ఉన్నా కారు కదలదు. ఇంటినిండా ధాన్యం ఉండి గాదె తాళంచెవి పోయినట్టన్నమాట.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. హ్యుందాయ్ ఐయానిక్ 5, కియా ఈవీ6 కార్లలో చార్జరునీ ఈ కన్వర్టరునీ కలిపి ఐసీసీయూ అని ఒకే పెట్టెలో పెట్టారు. అందులోని ట్రాన్సిస్టర్లు క్షణకాలపు అధిక వోల్టేజీకీ, మళ్ళీ మళ్ళీ వేడెక్కి చల్లారడానికీ దెబ్బతింటున్నాయని తేలింది. 2023 జూన్‌లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఐయానిక్ 5 మీద విచారణ మొదలెట్టింది. అప్పటికి దాని చేతిలో ఉన్నవి ముప్ఫై ఫిర్యాదులు. 2024 మార్చిలో హ్యుందాయ్ అక్కడ దాదాపు 99 వేల కార్లని వెనక్కి పిలిచింది. అదే ఏడాది నవంబరులో మళ్ళీ పిలిచింది, ఈసారి 1 లక్షా 45 వేలు. మన దేశంలో 2024 జూన్‌లో 1,744 ఐయానిక్ 5లు, జూలైలో 1,138 ఈవీ6లు, 2025 ఫిబ్రవరిలో ఇంకో 1,380 ఈవీ6లు రీకాల్ అయ్యాయి. అన్నట్టు, మేమెక్కిన క్యాబు ఈ రెండు కంపెనీలదీ కాదు. దానికేమైందో ఎవరూ రాయలేదు కాబట్టి ఎవరికీ తెలీదు. నా బాధ కూడా అదే.

ముప్ఫై మంది రాస్తే విచారణ మొదలైంది చూడండి. ఆ ముప్ఫై మందికీ "లోపం కనబడలేదు" అన్న కాగితం ఇచ్చి పంపించేసి, వాళ్ళూ ఊరుకుని ఉంటే?

మనకీ చట్టం ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 110ఏ సెక్షన్ ప్రకారం, ఒక రకం బండిలో ప్రమాదకరమైన లోపం ఉందని నిర్ణీత శాతం యజమానులు గానీ, పరీక్షా సంస్థ గానీ, మరే ఇతర మార్గంలో గానీ తెలిస్తే కేంద్రం రీకాల్‌కి ఆదేశించవచ్చు. వాహన్ పోర్టల్లో ఫిర్యాదు చేయడానికి పేజీ కూడా ఉంది. కానీ మా డ్రైవరు యజమాని కాదు. యజమానికి వందల కార్లలో అదొకటి. సర్వీసువాడికి లోపం కనబడలేదు. ఇక ఆ శాతం ఎక్కడ్నుంచి వస్తుంది?

ఎలక్ట్రిక్ బళ్ళు వద్దని నేననను. పెట్రోలు కార్లు ఆగవా? 2019 నుంచీ మన ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఎయిర్‌పోర్టుకి తిరుగుతూనే ఉన్నాయి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ బళ్ళకి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు పన్ను మాఫీ ప్రకటించింది. మంచిదే. కానీ బళ్ళు పెరిగితే, వెయ్యికి ఒకటి ఆగినా ఆగేవాటి సంఖ్యా పెరుగుతుంది. ప్రతి కారూ ఆగిన క్షణంలో ఏ వోల్టేజి ఎంతుందో, ఏ ఎర్రర్ కోడ్ వచ్చిందో లోపల దాచుకోగలదు. ఆ కోడ్‌ని జాబ్ కార్డు మీద అచ్చువేసి, బండి నడిపేవాడి చేతిలో పెట్టడానికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. అది తప్పనిసరి చేయాలి, అంతే.

అంతదాకా మనం చేయగలిగింది కొంచెం ఉంది. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఇలాంటి క్యాబుల్లో ఎక్కువగా తిరిగేది మనమే కదా. ఎక్కిన బండి ఆగితే ముందు దిగి, బళ్ళొచ్చే వైపు నుంచి దూరంగా జరగండి. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చెయ్యండి. తర్వాత, డాష్‌బోర్డు చీకటి పడకముందే తీయగలిగితే దానికో ఫొటో తీసి, టైము, చోటు, బండి నంబరు రాసి ఆ డ్రైవరుకే పంపండి. సర్వీసు సెంటరులో అతని మాట చెల్లకపోవచ్చు, ఫొటో చెల్లుతుంది. స్క్రీన్‌షాట్ లేని బగ్గుని ఎంత తేలిగ్గా మూసేస్తారో మనకంటే ఎవరికి బాగా తెలుసు?