ఇంటి వెనకాల ఒక కప్ప

అమెరికాలో మోటార్‌హోమ్ వెనకాల కట్టి లాక్కెళ్ళే చిన్న కారుకి ఒక ముద్దుపేరు ఉంది. ‘టోడ్’. ఇంగ్లీషులో టోడ్ అంటే ఒక రకం కప్ప. ‘లాగబడేది’ అనడానికి వాడే ఇంగ్లీషు మాట కూడా అచ్చం అలాగే వినిపిస్తుంది కాబట్టి ఆర్వీ జనం దాన్నే పేరుగా పెట్టేసుకున్నారు. మా అక్క కొడుక్కి ఐదేళ్ళు. వాడికి ఈ సంగతి విడమరిచి చెప్పగానే బావ జీపుకి ‘కప్ప’ అని పేరు ఖాయం చేసేశాడు. పోయిన జూలైలో మేం ఆరుగురం ఆ కప్పని వెనకేసుకుని సియాటెల్ పక్కనున్న బోథెల్ నుంచి మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్క్ దాకా వెళ్ళొచ్చాం. పోను దాదాపు 550 మైళ్ళు, అంటే 880 కిలోమీటర్లు.

మోటార్‌హోమ్ అంటే ఇంజిన్ ఉన్న ఇల్లు. బావ కొన్నది సెకండ్ హ్యాండ్, 24 అడుగుల పొడవు. పడకలు, స్టవ్, ఫ్రిజ్, బాత్‌రూమ్ అన్నీ ఉన్నాయి. అమ్మ అందులో పెసరట్టు కూడా వేసింది. మరి అంత ఇల్లు ఉండగా వెనకాల ఇంకో బండి ఎందుకని మీరు అడగొచ్చు. మా అక్క కూడా అదే అడిగింది, కాస్త గట్టిగా. ఎందుకంటే జీపుని కట్టడానికి కావాల్సిన సరంజామాకి, బిగించిన కూలికి కలిపి బావ నాలుగు వేల డాలర్లకి పైనే పెట్టాడు. “ఆ డబ్బుతో ఎక్కడికెళ్తే అక్కడ రెంటల్ కారు తీసుకోవచ్చు కదా” అనేది అక్క వాదన.

బావ జవాబు ఏంటంటే, ఆర్వీ పార్కులో దిగాక ఇల్లు కదలదు. బండిని లెవెల్ చేసి, కరెంటు ప్లగ్గు పెట్టి, నీళ్ళ పైపు, మురుగు పైపు తగిలించాక పాల ప్యాకెట్ కావాలంటే అవన్నీ పీకి, గిన్నెలు సర్ది, అల్మారా తలుపులకి గడియలు వేసి, ఇంటిల్లిపాదీ బయల్దేరాలి. పైగా మైలేజీ గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్ళు. మన లెక్కలో లీటరుకి నాలుగు కిలోమీటర్లు వస్తే గొప్ప.

అయితే అన్ని కార్లనీ నాలుగు చక్రాలు నేలమీద ఉంచి లాగకూడదు. ఇది చాలామందికి తెలీదు. గేర్ న్యూట్రల్‌లో ఉంది కదా అనుకుంటాం. కానీ చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ఆయిల్‌ని తిప్పే పంపు ఇంజిన్‌తోనే నడుస్తుంది. ఇంజిన్ ఆగి, చక్రాలు మాత్రం గంటల తరబడి తిరుగుతుంటే లోపలి భాగాలు ఆయిల్ అందక కాలిపోతాయి. హోండా సీఆర్‌వీ 2014 మోడల్ దాకా ఆర్వీ వాళ్ళకి బాగా ఇష్టమైన బండి. 2015లో సీవీటీ గేర్‌బాక్స్ వచ్చాక దాన్ని అలా లాగొద్దన్నారు. మన కుర్రాళ్ళందరి దగ్గరా ఉండే టెస్లా అసలే కుదరదు, చక్రాలు తిరిగితే మోటార్ కూడా తిరుగుతుంది. దాన్ని నాలుగు చక్రాలూ పైకెత్తి ట్రైలర్ మీదే తీసుకెళ్ళాలి. జీప్ రాంగ్లర్‌కి మాత్రం ట్రాన్స్‌ఫర్ కేస్ అని వేరే పెట్టె ఉంటుంది. దాన్ని న్యూట్రల్‌లో పెడితే గేర్‌బాక్స్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోతుంది. ఆర్వీ పార్కుల్లో ఎటు చూసినా రాంగ్లర్లే కనిపించడానికి కారణం అదే. కారు మాన్యువల్‌లో ‘రిక్రియేషనల్ టోయింగ్’ అని ఒక పేజీ ఉంటుంది. అందులో ఏం రాస్తే అదే శాసనం.

ఇక మా నాన్న. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆర్టీసీలో డ్రైవర్. మార్కాపురం డిపో. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎన్ని వేల సార్లు ఎక్కి దిగారో ఆయనకే లెక్క లేదు. విజిటర్ వీసా మీద వచ్చి రెండు నెలలుగా సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్న మనిషి, బావ టో బార్ తగిలిస్తుంటే లుంగీ ఎగ్గట్టి బయటికొచ్చేశారు. మోటార్‌హోమ్ వెనక హిచ్‌కి బిగించిన రెండు చేతుల ఇనప కడ్డీ అది. చేతులు చాచి జీపు ముందున్న బేస్ ప్లేట్‌కి పట్టుకుంటుంది. రెండు పిన్నులు, వాటికి క్లిప్పులు. అడ్డంగా రెండు సేఫ్టీ కేబుళ్ళు. జీపు వెనక లైట్లు వెలగడానికి ఒక వైరు.

“మా బ్రేక్‌డౌన్ బస్సుల్ని కూడా రాడ్ కట్టే లాగేవాళ్ళం బాబూ. కాకపోతే వెనక బండిలో ఒక డ్రైవర్ కూర్చుని బ్రేక్ తొక్కేవాడు. దీంట్లో ఎవరు తొక్కుతారు?” అని అడిగారు.

అడగాల్సిన ప్రశ్నే అది. జీపు బరువు దాదాపు 1,800 కిలోలు. మోటార్‌హోమ్ బ్రేకు వేసినప్పుడు ఆ బరువంతా వెనక నుంచి తోస్తుంది. అందుకని జీపు డ్రైవర్ సీటు ముందు ఒక పెట్టె పెడతారు. ముందు బండి ఆగుతోందని తెలియగానే అది జీపు బ్రేక్ పెడల్‌ని తొక్కుతుంది. ఒకవేళ కడ్డీ ఊడిపోతే ఒక సన్నటి తీగ పిన్నుని లాగేస్తుంది, జీపు బ్రేకులు వాటంతటవే పడతాయి. “అంటే డ్రైవర్ని పెట్టెలో పెట్టారన్నమాట” అన్నారు నాన్న. ఆ పెట్టె పనిచేస్తోందో లేదో నాలుగుసార్లు బావ చేత బ్రేకు తొక్కించి చూశాకే బండెక్కారు.

మోటార్‌హోమ్, కడ్డీ, జీపు అన్నీ కలిపితే 43 అడుగులు. మన మామూలు బస్సుని మించిన పొడవు. వాషింగ్టన్ రాష్ట్రంలో వెనక బండిని లాగేవాళ్ళకి హైవే మీద గంటకి 60 మైళ్ళే పరిమితి. మూడు లేన్లు ఉన్నచోట ఎడమ లేన్ వాళ్ళది కాదు. స్నోక్వాల్మీ పాస్ దాటాక పచ్చదనం అయిపోయి ఎండు కొండలు మొదలవుతాయి. వాంటేజ్ దగ్గర కొలంబియా నది వంతెన మీద గాలి మోటార్‌హోమ్‌ని పక్కకి నెడుతుంటే స్టీరింగ్ పట్టుకున్న బావ వేళ్ళు తెల్లబడ్డాయి. వెనక కెమెరాలో చూస్తే కప్ప మాత్రం బుద్ధిగా వస్తోంది.

ఆగిన ప్రతిచోటా నాన్న దిగి జీపు నాలుగు చక్రాల హబ్‌ల మీద చెయ్యి పెట్టి చూసేవారు. వేడెక్కితే బ్రేకు పట్టేసిందని అర్థం. నేను ఫోన్‌లో టైర్ ప్రెజర్, టెంపరేచర్ సెన్సర్ల యాప్ చూపించాను. చూశారు. చూసి, మళ్ళీ చెయ్యే పెట్టారు.

స్పోకేన్ దాటాక ఒక పెట్రోల్ బంకులో అసలు కథ జరిగింది. మేం పెట్రోల్ కొట్టించుకుని బయటికి వెళ్ళే దారిలో, సరుకు దింపే లారీ ఒకటి అడ్డంగా ఆగింది. డ్రైవర్ లోపలికెళ్ళాడు. వెనక కార్లు లేవు, రెండు బార్ల ఖాళీ ఉంది. మామూలు బండైతే రివర్స్ వేసి పక్కనుంచి పోవచ్చు. కానీ వెనకాల జీపు కట్టి ఉన్నప్పుడు రివర్స్ లేదు. వెనక్కి తోస్తే జీపు ముందు చక్రాలు వాటి ఇష్టం వచ్చినట్టు ఒక పక్కకి పూర్తిగా తిరిగిపోతాయి, జీపు అడ్డం పడుతుంది, టో బార్ వంగుతుంది. ట్రైలర్‌ని వెనక్కి నడిపినట్టు దీన్ని నడపలేరు. అందుకే ఆర్వీ పార్కు బుక్ చేసేటప్పుడు ‘పుల్ త్రూ’ సైటు అడుగుతారు. ఇటు దూరి అటు బయటపడేది.

సరే, జీపు విప్పాలి. పిన్నులు రావట్లేదు. బండి మలుపులో ఆగడంతో కడ్డీ బిగుసుకుపోయింది. బావ సుత్తి కోసం వెతుకుతున్నాడు.

“కొట్టకండి బాబూ, మీరు పిన్ను పట్టుకోండి. ఒరేయ్, నువ్విటు రా” అని నాన్న జీపు వెనక్కి వెళ్ళారు. ఇద్దరం ‘హుప్’ అని ఒక్క తోపు తోశాం. జానెడు కదిలింది. కడ్డీ సడలింది, పిన్ను దానంతటదే చేతిలోకొచ్చింది. ఐదు నిమిషాల్లో రెండు బళ్ళూ వేరు. అప్పటికి లారీ డ్రైవర్ కాఫీతో తిరిగొచ్చి, సారీ చెప్పి, లారీ తీసేశాడు. మళ్ళీ కట్టుకున్నాం.

ఐడహో, మోంటానా సరిహద్దులో లుకౌట్ పాస్ 4,710 అడుగులు. దిగుడు మొదలవగానే బావ టో హాల్ బటన్ నొక్కాడు. గేర్ తగ్గి ఇంజిన్ గట్టిగా మూలిగింది. అమ్మ కంగారుపడింది. నాన్న కళ్ళు మూసుకుని వింటూ, “అదీ. ఘాట్ ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లోనే దిగాలి” అన్నారు.

గ్లేసియర్‌కి జనం వచ్చేది గోయింగ్ టు ది సన్ రోడ్ కోసం. 50 మైళ్ళ కొండదారి, 1933లో ప్రారంభమైంది. మంచు తీసి పూర్తిగా తెరిచేసరికి మామూలుగా జూన్ చివరో జూలైయో అవుతుంది. దాని నడిమి భాగంలో 21 అడుగులకి మించిన బండిని రానివ్వరు, వెడల్పు అద్దాలతో కలిపి 8 అడుగులు. మా 24 అడుగుల ఇల్లు అక్కడికి పనికిరాదు. వెస్ట్ గ్లేసియర్ దగ్గర పార్కులో ఇంటిని వదిలేసి తెల్లవారకముందే జీపులో బయల్దేరాం. జీపులో ఐదుగురికే చోటు. నేను షటిల్ బస్సులో వెనకాల వెళ్ళాను. ఒక పక్క రాయి, ఇంకో పక్క మోకాలెత్తు రాతిగోడ, గోడ అవతల లోయ. 6,646 అడుగుల ఎత్తున లోగన్ పాస్. జూలైలో కూడా మంచు. తెల్ల కొండమేకలు పార్కింగ్ దాకా వస్తాయి. వెళ్ళేవాళ్ళు ఆ ఏడాది ఎంట్రీ నిబంధనలు ముందే చూసుకోండి, మారుతుంటాయి.

ఆ మర్నాడు సాయంత్రం అమ్మని కందిరీగ కుట్టింది. చెయ్యి మీద. పది నిమిషాల్లో కనురెప్పలు, పెదవి వాచాయి. ఒళ్ళంతా దద్దుర్లు. ఊపిరి ఆడుతోంది గానీ గొంతు మారింది. అక్క అలర్జీ మాత్ర వేసింది. పక్క సైటులో ఉన్నావిడ రిటైర్డ్ నర్సు. చూసి, “ఆలోచించకండి, వెళ్ళండి” అంది. కాలిస్పెల్‌లో ఎమర్జెన్సీ ముప్ఫై మైళ్ళ పైనే. జీపు తాళం గోడకి వేలాడుతోంది. అక్క అమ్మని పట్టుకుని వెనక కూర్చుంది, నేను ముందు, బావ డ్రైవింగ్. నిమిషం లోపు రోడ్డు మీద ఉన్నాం. వెనక్కి చూస్తే నాన్న బాబుని ఎత్తుకుని మోటార్‌హోమ్ మెట్ల మీద నిలబడి ఉన్నారు. స్టవ్ మీద పప్పు ఉడుకుతూనే ఉంది.

ఇంజెక్షన్ చేసి నాలుగు గంటలు చూసి పంపించారు. తిరిగొచ్చేసరికి రాత్రి ఒంటిగంటన్నర. నాన్న మేలుకునే ఉన్నారు. నాలుగు వేల డాలర్ల మాట అక్క మళ్ళీ ఎత్తలేదు. విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళతో పేచీ ఇంకా నడుస్తోంది, అది వేరే కథ.

అమ్మ కోలుకున్నాక ఇంకోసారి లోగన్ పాస్ ఎక్కాం. అక్కడ ఎర్ర బస్సులు ఆగి ఉన్నాయి. 1930లలో వైట్ మోటార్ కంపెనీ చేసినవి, గుడ్డ పైకప్పు చుట్టేయొచ్చు. వాటి డ్రైవర్లని ‘జామర్’ అంటారు. పాత రోజుల్లో ఈ ఘాట్‌లో గేర్లు గరగరమంటూ పడేవట, ఆ పేరు అలా వచ్చింది. ఒక ముసలి డ్రైవర్ బానెట్ పక్కన నిలబడి ఉంటే నాన్న దగ్గరికెళ్ళారు. ఇంగ్లీషు రాదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, “బస్. థర్టీ వన్ ఇయర్స్” అన్నారు. తర్వాత గాల్లో గేర్ రాడ్ పట్టుకుని లాగి, నోటితో గర్‌ర్ అని శబ్దం చేశారు. ఆయన విరగబడి నవ్వి, తలుపు తీసి డ్రైవర్ సీటు చూపించాడు. నాన్న ఎక్కి కూర్చుని స్టీరింగ్ మీద చేతులు పెట్టారు. రెండు నిమిషాలు. ఫోటో తీస్తానంటే వద్దనలేదు.

బోథెల్ చేరాక జీపు కట్టే వీడియోని మార్కాపురం డిపో రిటైర్డ్ డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గంటలో నలభై మెసేజీలు. సగం మంది అడిగింది ఒకటే, రివర్స్ ఎట్లా వేస్తారు అని. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పెట్రోల్ బంకు దగ్గర్నుంచి మొదలుపెట్టి టైప్ చేస్తున్నారు.