పేరులో మొదటి అక్షరం

మా అక్క కూతురి పేరు ‘భ’తో మొదలవుతుంది. ఇంట్లో మేమందరం ఆ భకారాన్ని గాలి నింపి గట్టిగానే పలుకుతాం. కాని ఆ అక్షరం ఉన్న సర్కారు కాగితం మా ఇళ్లల్లో ఒక్కటీ లేదు. మాది రాజపాళయం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. విజయనగరం రోజుల్లో, ఆ తర్వాత నాయకరాజుల రోజుల్లో తెలుగు నేల నుంచి దక్షిణానికి దిగివచ్చి, పడమటి కనుమల కింద నిలిచిపోయిన రాజుల కుటుంబాలు మావి. మాట మాతో వచ్చింది, ఉండిపోయింది. లిపి మాత్రం ఏ తరంలో జారిపోయిందో తెలియదు. నేను తెలుగు రాయడం నేర్చుకున్నది నలభై దాటాక, తెప్పించుకున్న ఒక పెద్దబాలశిక్ష ముందేసుకుని. అప్పుడే మేనకోడలి పేరు మొదటిసారి తెలుగులో రాసి చూపించాను. అప్పటికి ఎనిమిదేళ్ల పిల్ల. ఆ అక్షరం మీద వేలు పెట్టి, “మామా, ఇదేనా నేను?” అంది.

తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం. తమిళం చదివేవారికి దానితో ఇబ్బందేమీ లేదు. ఏ మాటలో ఎలా పలకాలో నాలుకకు తెలుసు. చిక్కంతా ఆ అక్షరం ఇంగ్లీషులోకి మారేటప్పుడు వస్తుంది. మా పిల్ల పుట్టిన సర్టిఫికెట్టులో ఎవరో ‘బి’తో రాశారు. డిగ్రీ పట్టాలో ‘పి’ పడింది. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు నేను పక్కనే ఉన్నాను కాబట్టి ‘బి, హెచ్’ అని రాయించాను. అంటే ఒకే మనిషికి మూడు మొదటి అక్షరాలు. ఇన్నేళ్లూ మాకు అదొక సంగతిగానే తోచలేదు. ఊళ్లో ఎవరూ ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు మరి.

చూసే రోజు వచ్చింది. అల్లుడికి అబుదాబిలో ఉద్యోగం. పెళ్లయ్యాక భార్యను తీసుకెళ్లాలంటే పెళ్లి సర్టిఫికెట్టు మీద యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర ఉండాలి. అక్కడ పిల్ల టీచరుగా చేరాలంటే డిగ్రీ పట్టా మీద కూడా ఉండాలి. ఇంట్లో పెద్దవాణ్ణి, పైగా ముప్పై ఏళ్లు నూలు మిల్లులో లెక్కలు రాసినవాణ్ణి, కాగితాల పని నాకే పడింది.

మొదటి దెబ్బ డిగ్రీ పట్టా దగ్గరే తగిలింది. మా అక్క దాన్ని ఎంతో ప్రేమగా లామినేషన్ చేయించి బీరువాలో దాచింది. మా వైపు ఇళ్లల్లో పిల్లలు పట్టా తెచ్చుకున్న మర్నాడే జరిగే పని అది. ప్లాస్టిక్ మీద సీలు సిరా నిలవదు, సంతకం పట్టదు. తెలిసిన జెరాక్స్ కడలో ఒక కుర్రవాడు సన్నటి బ్లేడుతో, కాస్త వేడి తగిలిస్తూ, సాయంత్రమంతా కూర్చుని ఆ పొర ఊడదీశాడు. ఒక మూల చిరిగింది, అక్షరాలకు దెబ్బ తగల్లేదు. అక్క ఆ కడ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఇది చదివే తల్లిదండ్రులకు చేతులు పట్టుకుని చెబుతున్నాను, పట్టాను ప్లాస్టిక్‌లో బిగించకండి. ఫైలులో పెట్టండి చాలు.

రెండోది ఆ ‘పి’. పాస్‌పోర్టులో ఉన్న పేరే అసలు పేరని, మిగతా కాగితాలన్నీ దాని దారికే రావాలని తేలింది. పట్టాలో అక్షరం మార్పించుకోవడానికి దరఖాస్తు, ఫీజు, నోటరీ ముందు ప్రమాణపత్రం, మళ్లీ దరఖాస్తు. ఆ నెలల్లో అల్లుడు రోజూ రాత్రి ఫోన్ చేసి ‘అయిందా మామా?’ అని అడిగేవాడు. కాలేదు అని చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక మాట చెప్పాలి. మా ఊళ్లో పేరుకు ముందు పొడి అక్షరాలే గాని, వెనక ఇంటిపేరు రాసే అలవాటు లేదు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా మా ఊరివారే. తన సొంత ఇంటిని గాంధీ కలై మన్రం అనే సంస్థకు ఇచ్చేసిన మనిషి. ఆ ‘పి’ పూసపాటి, ఆ ‘ఎస్’ సంజీవి. ఊరివాళ్లకు ఆ రెండు పొట్టి అక్షరాల్లోనే వంశం వినిపించేది. పాస్‌పోర్టు దరఖాస్తు పొడి అక్షరాలను ఒప్పుకోదు. విప్పి రాయమంటుంది. విప్పేటప్పుడు తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి కూర్చుంటుంది. అసలు ఇంటిపేరు ఎక్కడా చేరదు. విశాఖలో, భీమవరంలో ఉన్న మా దాయాదుల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు నిలిచి ఉంది. మా వాటిలో లేదు. కొందరు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి ఒక్క పేరుతోనే పాస్‌పోర్టు తీసుకున్నారు. 2022 నవంబరు 21 నుంచి యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని సందర్శక వీసా మీద రానివ్వబోమని నిబంధన పెట్టింది. తండ్రి పేరో ఇంటిపేరో రెండో పేజీలో ఉంటే ఒప్పుకుంటామని ఆ తర్వాత సడలించింది. ఆ నాలుగు రోజులూ మా వీధిలో ఎన్ని ఇళ్లల్లో బీరువాలు తెరిచి పాస్‌పోర్టులు తిప్పి చూసుకున్నారో నాకు తెలుసు.

పెళ్లి సర్టిఫికెట్టు మాత్రం సులువుగా వచ్చింది. తమిళనాడులో 2009 చట్టం తర్వాత పెళ్లి నమోదు తప్పనిసరి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సాక్ష్యంగా పెళ్లి పత్రిక కూడా ఇచ్చాం. ఆ పత్రికను నేను బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాను. అందులో రెండు వైపుల తాత ముత్తాతల పేర్లు, గోత్రాలు, ఏ కోటవారో అన్నీ ఉన్నాయి. మా ఊళ్లో సింగరాజ కోట, చక్రరాజ కోట అని పేటలకు పేర్లు. ‘ఏ కోట?’ అని ఒక్క మాట అడిగితే చాలు, మూడు తరాలు ముందుకొచ్చి నిలబడతాయి. ఆ పత్రిక రిజిస్ట్రారు బల్ల దాటి ముందుకు పోలేదు. పైకి వెళ్లింది ఒక్క పేజీ సర్టిఫికెట్టు.

అసలు కాగితాలను కొరియర్‌లో పంపడానికి అక్కకు మనసు ఒప్పలేదు. పసుపు గుడ్డసంచిలో పెట్టుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని, పొదిగై ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా మేలుకునే కూర్చుంది. తెల్లవారి చెన్నై ఎళుంబూరులో దిగి, ఈ ముద్రలు వేయించిపెట్టే ఏజెన్సీ తలుపులు తెరిచేదాకా ఎదురు టీకొట్టు దగ్గర నిలబడ్డాం. కాగితాలు తీసుకున్న అమ్మాయి ఒక్కొక్క దాని వెనక పక్క తిప్పి చూసింది. ముందు పక్క ఆమెకు పెద్దగా అక్కర్లేదు. ఇక మీదట నడిచే కథంతా వెనక పక్కనేనని నాకప్పుడు తెలియలేదు.

ఆ కథను ఆమె ఓపికగా చెప్పింది. పట్టా అయితే రాష్ట్ర విద్యాశాఖ, పెళ్లి కాగితమైతే హోం శాఖ లాంటి రాష్ట్ర శాఖ ముందు ముద్ర వేయాలి. ఆ తర్వాత కేంద్ర విదేశాంగ శాఖ. ఆ తర్వాత యూఏఈ రాయబార కార్యాలయం. అబుదాబికి చేరాక అక్కడి విదేశాంగ శాఖ చివరి ముద్ర. విదేశాంగ శాఖ 2012 జులై నుంచి జనం దగ్గర కాగితాలు నేరుగా తీసుకోవడం మానేసింది. గుర్తింపు పొందిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. ఒకప్పుడు ఈ పని ఢిల్లీలో పటియాలా హౌస్ అనుబంధ భవనంలోనే జరిగేది. 2019 జనవరి నుంచి చెన్నై, హైదరాబాదు లాంటి నగరాల్లోని శాఖలకూ పంచారు. మాలాంటి దూరపు ఊళ్లవాళ్లకు అది నిజంగా మేలు.

అన్నీ విని నేనొక ప్రశ్న అడిగాను. “ఇంతమంది ముద్ర వేస్తారు గదా, ఇందులో మా పిల్ల చదువు నిజమని చెప్పేది ఎవరు?” ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, “ఎవరూ కాదండి, ఒకరి సంతకం నిజమని మరొకరు చెబుతారు” అంది.

ఆ జవాబు నాతోపాటు రైలెక్కి ఇంటికొచ్చింది. నిజమే. రాష్ట్ర శాఖ ముద్ర ఆ పట్టా కింది సంతకం గురించి మాట్లాడుతుంది. విదేశాంగ శాఖ దగ్గర రాష్ట్ర అధికారుల నమూనా సంతకాలు ఉంటాయి. వాటితో పోల్చి, ఈ సంతకం ఆయనదే అని తన ముద్ర వేస్తుంది. రాయబార కార్యాలయం విదేశాంగ శాఖ అధికారి సంతకాన్ని తన దగ్గరున్న నమూనాతో పోల్చుకుంటుంది. ప్రతివాడూ తన వెనకవాడి చెయ్యి పట్టుకుని నిలబడతాడు. వరసలో మొట్టమొదట నిలబడిన మనిషి ముఖం చివరివాడికి కనిపించదు. మిల్లులో బేలు మీద తూకం చీటీ అంటించే పద్ధతి నాకు తెలుసు. దూది మంచిదా కాదా అన్నది ఆ చీటీలో ఉండదు. తూచింది ఫలానా వాడు అని ఉంటుంది. అయినా ఆ చీటీ లేని బేలును ఎవరూ కొనరు.

నాకు ఆ వరస మీద కోపం రాలేదు. దొంగ పట్టాలతో ఉద్యోగాలకు వెళ్లినవాళ్ల వార్తలు చదివాను. ఇంకొక పెళ్లి దాచి విదేశం నుంచి వచ్చి పెళ్లి చేసుకున్నవాళ్ల వల్ల ఆడపిల్లలు పడ్డ బాధలు విన్నాను. ‘ఏ కోట?’ అని అడిగి తెలుసుకునే పద్ధతి మూడు వీధుల మేరకే పనిచేస్తుంది. సముద్రం అవతల మా కోట పేరు ఎవరికి తెలుసు? అక్కడ మా పిల్ల తరఫున మాట్లాడాల్సింది ఆ ముద్రలే. పరాయి దేశంలో తన పెళ్లి తనదని నిరూపించుకోవలసిన రోజు వస్తే, ఆ సంతకాల వరసే దానికి అండ.

ఈ వరసను పొట్టి చెయ్యాలన్న ఆలోచన ప్రపంచానికి ఎప్పుడో వచ్చింది. 1961 అక్టోబరు 5న హేగ్ నగరంలో కొన్ని దేశాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. దానిలో చేరిన దేశాల మధ్య రాయబార కార్యాలయాల చుట్టూ తిరగక్కర్లేదు. కాగితం పుట్టిన దేశం అపోస్టిల్ అనే ఒక్క పత్రం అంటిస్తే చాలు. అదొక చతురస్రం, ఒక్కో పక్క కనీసం 9 సెంటీమీటర్లు. అందులో పది అంశాలు. ఏ దేశం, ఎవరు సంతకం చేశారు, ఏ హోదాలో, ఎవరి సీలు, ఎక్కడ, ఎప్పుడు, ఇలా. పైన శీర్షిక మాత్రం ఏ దేశమైనా ఫ్రెంచిలోనే ఉండాలి. ఆ మాటకు మొదటి అర్థం గ్రంథం అంచున రాసిన చిన్న వ్యాఖ్య అట. మన తాళపత్రాల అంచున పండితులు రాసుకున్న టిప్పణి లాంటిదన్నమాట. భారతదేశానికి ఈ ఒప్పందం 2005 జులై 14 నుంచి వర్తించింది. ఒమన్, బహ్రెయిన్ చేరాయి. సౌదీ అరేబియా 2022 డిసెంబరులో, చైనా 2023 నవంబరులో, కెనడా 2024 జనవరిలో లోపలికొచ్చాయి. యూఏఈ, కువైట్, ఖతర్, మలేసియా మేం కాగితాలు పట్టుకుని తిరిగేనాటికి అందులో లేవు. తెలుగువాళ్లు, తమిళులు ఎక్కువగా పనికి వెళ్లే దేశాలే ఇవి. అందుకే మా పసుపు సంచి పాత దారినే నడిచింది. చేరిన దేశాల మధ్య కూడా చిక్కులు లేకపోలేదు. మనం చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది. మా పక్కింటి కుర్రవాడు అపోస్టిల్ వేయించుకుని జర్మనీకి బయల్దేరబోతే, అది అక్కడ చెల్లదన్నారు. ముందే అడిగి ఉంటే డబ్బూ రోజులూ మిగిలేవి. ఏ దేశానికి ఏ ముద్ర అన్నది ఆ దేశపు రాయబార కార్యాలయాన్నే అడిగి తెలుసుకోవాలి తప్ప, పోయినేడాది వెళ్లొచ్చిన బంధువును కాదు.

కాగితాలు తిరిగొచ్చిన రోజు అక్క దేవుడి గూట్లో దీపం పెట్టి గాని కవరు చించనివ్వలేదు. పట్టా ముందు పక్క ఎప్పటిలాగే ఉంది, చిరిగిన ఆ మూలతో సహా. వెనక్కి తిప్పితే ఖాళీ లేదు. ఊదా సిరా, నీలం సిరా, అంటించిన స్టాంపులు, అడ్డంగా నిలువుగా సంతకాలు, ఒక మూల అరబ్బీ రాత. మా అమ్మకు ఎనభై ఆరేళ్లు. కళ్లజోడు సర్దుకుని ఆ వెనక పక్కంతా తడిమి, “ఇందులో బిడ్డ పేరు ఎక్కడుంది?” అంది. లేదు. పేరు ముందు పక్కనే ఉంది, ఇంగ్లీషులో, సరైన అక్షరాలతో. అది చూపించాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. అందుకని కవరు మీద తెలుగులో రాసి, చదివి వినిపించాను.

పిల్ల వెళ్లి రెండేళ్లు కావస్తోంది. బడిలో ఉద్యోగం దొరికింది. వీసాల పనికి పెళ్లి సర్టిఫికెట్టును అరబ్బీలోకి అనువాదం చేయించినప్పుడు ఫోన్ చేసింది. “మామా, అరబ్బీలో ‘ప’ లేదట, ‘బ’ ఒక్కటే ఉందట. ‘భ’ ఇక్కడా లేదు” అంది. నవ్వుతూనే చెప్పింది గాని, నాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. అక్కడ పుట్టిన బిడ్డను ఏడాది లోపల మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి, అప్పుడే భారత పౌరసత్వం. అంటే పుట్టిన గంట నుంచే ఆ బిడ్డకు అరబ్బీ కాగితం ఒకటి, ఇంగ్లీషు కాగితం ఒకటి. మొగుడూ పెళ్లాం కూర్చుని తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో, అరబ్బీలో ఒకేలా పలికే అక్షరాలు ఏరుతున్నారు. మ, న, ల, ర, య. వాటితో ఆడపిల్లకు నాలుగు పేర్లు, మగపిల్లవాడికి మూడు పేర్లు రాసి పంపారు. నేను వాటన్నిటినీ నాలుగు లిపుల్లో సరిచూసి ఇస్తానని ఒప్పుకున్నాను. అరబ్బీ అక్షరాల పుస్తకం కూడా ఒకటి తెప్పించాను.

అక్క మాత్రం ఆడపిల్ల పుడితే మా అమ్మ పేరే పెట్టాలంటోంది. అందులో ‘ధ’ ఉంది.